ఇసుకలో నర్సవ్వ చెంబు

అబూ హమూర్, దోహా
నవంబరు 16

గౌస్ అంకుల్‌కి ప్రతిమ నమస్కారాలు.

ఆంటీ మోకాలు ఎలా ఉంది? మనవరాలు మెహ్విష్ పరీక్షలు అయిపోయాయా? మీరు రిటైరై జగిత్యాల వెళ్ళాక మన సర్వే సెక్షన్‌లో మీ కుర్చీ నాకిచ్చారు. కూర్చున్నప్పుడల్లా ఎవరో వెనకనుంచి "ప్రతిమా, రీడింగ్ ఇంకోసారి చూడమ్మా" అన్నట్టుంటుంది. ఇంకోసారి చూస్తాను. సగంసార్లు తప్పు దొరుకుతుంది. ఆ తప్పు దొరికిన ప్రతిసారీ మీకు మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఫోన్ మాటలు గాలికి పోతాయి, ఏదైనా ఉంటే రాయి అన్నారు కదా. రాయవలసినది ఒకటి దొరికింది.

మా అమ్మాయి మనోజ్ఞ చదువుకని హైదరాబాదు వెళ్ళిపోయింది. మా ఆయన సిద్ధార్థ్‌కి నెలలో సగం రోజులు సముద్రం మీదే డ్యూటీ. శుక్రవారం వస్తే ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. అందుకని ఈ చలికాలం పురావస్తు సర్వే బృందంలో వాలంటీరుగా చేరాను. ఉత్తరాన తీరం వెంట పాడుబడిన జాలరి ఊరు ఒకటుంది. మొండిగోడలు, పగిలిన నీళ్ళతొట్టి, మసీదు మెట్లు. అక్కడ మాకు పని. బృందం పెద్ద ఫరీదుద్దీన్ గారు, హైదరాబాదాయనే. కొలతలు తెలిసిన మనిషినని నా చేతికి మెటల్ డిటెక్టర్ ఇచ్చారు.

మీరు కంగారు పడకండి. ఇక్కడ అనుమతి లేకుండా ఇసుకలో వేలు పెట్టినా నేరమేనని మీరే చెప్పారు. మాకు కాగితాలన్నీ ఉన్నాయి. దొరికిన ప్రతి మేకూ చోటు, లోతు రాసి ఆఫీసుకు అప్పజెప్పాల్సిందే.

పని చెప్పడానికి సులువు. చివర పళ్ళెం ఉన్న కర్రను నేలకు తగలకుండా, నేలను విడవకుండా, అటూ ఇటూ ఊపుతూ నడవాలి. తడి ఉప్పునేల మీద ఊరికే కూస్తుంది. పొడి ఇసుకలో కూసిందంటే ఏదో ఉన్నట్టు. ఏదో అంటే ఎక్కువగా కూల్‌డ్రింక్ డబ్బా మూతలు, వలలకు కట్టే సీసపు గుండ్లు. రెండు వారాలు మూతలే తవ్వాను.

మొన్న ఒక ఇంటి గడప పక్కన వేరే రకంగా మోగింది. తెరపి లేకుండా, గంట కొట్టినట్టు. తాపీతో మెల్లగా ఇసుక తీశాను. మోచేతి లోతున, బోర్లించి పెట్టిన ఇత్తడి చెంబు. పచ్చగా చిలుం పట్టింది కానీ ఎక్కడా సొట్ట లేదు. కుంచెతో దులిపితే మెడ కింద చుక్కలు చుక్కలుగా ఏవో గీతలు. అరబ్బీ అనుకుని ఫరీదుద్దీన్ గారికి చూపించాను.

"అరె, ప్రతిమగారూ, ఇది మన తెలుగు కదా! చద్వండి, చద్వండి!" అని ఆయన అక్కడే కూలబడ్డారు.

అంకుల్, ఆ చుక్కలు కలిపితే "నర్సవ్వ". మా రాజమండ్రిలో అమ్మకి పెట్టిన సారె గిన్నెల మీద పేర్లు కొట్టించినట్టే. పక్కన ఊరిపేరు ఉంది గాని మొదటి అక్షరాలు తినేసి "పేట" ఒక్కటే మిగిలింది. ఎడారిలో, ఎవరూ లేని ఊళ్ళో, తెలుగు చదువుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అవ్వ అంటే మీ వైపే కదా. జగిత్యాల చుట్టూ ఎన్ని పేటలున్నాయో, ఎందరు నర్సవ్వలున్నారో! అయినా మీరు అడిగి చూస్తారా? ఫోటోలు జత చేశాను.

మీ
ప్రతిమ

*

జగిత్యాల
డిసెంబరు 9

అమ్మా ప్రతిమా, నీకూ సిద్ధార్థ్‌కూ పిల్లకూ మా దీవెనలు.

నీ ఉత్తరం మెహ్విష్ అచ్చు తీసి ఇచ్చింది. ఫోటో చూసి మీ ఆంటీ ఫక్రున్నీసా, "పాపం, ఎవరి ఆడబిడ్డ చెంబో" అని కళ్ళు తుడుచుకుంది. మోకాలి నొప్పి మరిచిపోయి నన్ను ఆ పూటే బయటికి తరిమింది.

నేను ఊరూరూ తిరగాల్సి వస్తుందనుకున్నాను. అంత శ్రమ పడలేదు. పాత బస్టాండు దగ్గర హోటల్లో గల్ఫ్ నుంచి వచ్చేసిన ముసలివాళ్ళం పొద్దున్నే కూడుతాం. ఫోటో బల్ల మీద పెట్టాను. ఒకాయన చాయ్ కప్పు దించకుండానే అన్నాడు.

"చెంబా? చెంబు గంగమల్లు పెండ్లాం పేరు నర్సవ్వనే గద!"

"చెంబు గంగమల్లు ఎవరు?" అన్నాను.

"దుబాయ్ పోయచ్చినోళ్ళందరు బంగారం కత చెప్తరు. గాయన ఒక్కడు చెంబు కత చెప్తడు. ఎవ్వలు కూసున్నా గదే కత. అందుకే ఊరంత చెంబు గంగమల్లు అంటరు."

ఆ కథ హోటల్లో అందరికీ కంఠతా వచ్చు. గంగమల్లు పెళ్ళయిన కొత్తలో, నేను దోహా రాకముందు మాట, వీసా గీసా లేకుండా బొంబాయి నుంచి లాంచిలో బయలుదేరాడట. అప్పట్లో అట్లా చాలామంది పోయేవారు. ఒక తెల్లవారుజామున లాంచివాడు "అదిగో దుబాయ్, దిగండి" అని ఛాతీలోతు నీళ్ళలో దింపి వెళ్ళిపోయాడు. అది దుబాయ్ కాదు, ఖతర్ అని తర్వాత తెలిసింది. కొందరు మనుషులు, ఎండ, ఉప్పునీళ్ళు. తీరం పట్టుకుని నడిచి నడిచి, నాలుకలు వాచి, ఒక చిన్న ఊరు చేరారు. మగవాళ్ళు వేటకు పోయారు. ఒకామె చిన్నపిల్లతో ఉంది. భయపడి తలుపు వేసుకోలేదు. గంగమల్లు చేతిలోని చెంబు తీసుకుని, ముందు ఒక్క గుక్క నీళ్ళే పోసింది. ఆగమని సైగ చేసింది. మళ్ళీ ఒక గుక్క. ఒక్కసారిగా తాగితే ప్రాణం పోతుందని ఆమెకు తెలుసు. ఆ తర్వాత చేపలూ అన్నమూ పెట్టింది. వీళ్ళ దగ్గర తిరిగి ఇవ్వడానికి ఏముంది? గంగమల్లు ఆ చెంబు పిల్ల చేతిలో పెట్టి వచ్చేశాడట.

ఇదీ కథ. హోటల్లో ఎవరూ నమ్మరు. "ఎడారిల ఆడిమనిషి అన్నం వెట్టిందంట!" అని నవ్వుతారు. నవ్వని వాణ్ణి నేనొక్కణ్ణే. ఆ తీరంలో కొలతలు తీసిన రోజుల్లో ముక్కూ మొగం తెలియని ఇళ్ళు నాకూ ఎన్నోసార్లు ఖర్జూరాలు, గహవా కాఫీ ఇచ్చాయి.

అదే రోజు వాళ్ళ ఊరు వెళ్ళాను, అది కూడా పేటే. నర్సవ్వకు ఫోటో చూపించాను. చూసింది. మిగతా సంగతులు తర్వాత రాస్తాను. చెంబు జాగ్రత్తగా ఉంచమ్మా.

నీ శ్రేయోభిలాషి
గౌస్ మొహియుద్దీన్

*

అబూ హమూర్, దోహా
జనవరి 4

గౌస్ అంకుల్‌కి,

మీ ఉత్తరం ఆఫీసులోనే చదివాను. వెస్ట్ బేలో అంత ఎత్తు అద్దాల గదిలో కూర్చుని, మీటింగ్ మధ్యలో, కళ్ళనీళ్ళు ఆగలేదు. పక్కన కూర్చునే మమత ఏమైందని అడిగితే కథంతా చెప్పాను. ఇప్పుడు మా సెక్షన్‌లో ఫిలిప్పీన్స్ వాళ్ళకి కూడా నర్సవ్వ తెలుసు. "చెంబు, చెంబు" అని అనడం నేర్చుకున్నారు.

శుభవార్త వినండి. చెంబు పురావస్తువు కాదని పురావస్తు శాఖవాళ్ళు తేల్చారు. చరిత్రకి అది మరీ చిన్నపిల్ల అట. ఫరీదుద్దీన్ గారు పట్టుబట్టి, పేరున్న వస్తువు కాబట్టి సొంతదారుకు ఇవ్వవచ్చని కాగితం రాయించారు. "చెత్తలో పడేదాన్ని మీ నర్సవ్వ పేరే కాపాడింది" అన్నారు. ఆయనకి ఎలా థాంక్స్ చెప్పాలో తెలియక, పులిహోర చేసి పట్టుకెళ్ళాను.

మమత వచ్చే నెల ఇండియా వెళ్తోంది. చెంబు తనతో పంపేస్తాను. నర్సవ్వ గారి అడ్రసు రాయండి. చూడగానే ఆవిడ ఏమన్నారు? గంగమల్లు గారు ఏమన్నారు? అసలు సంగతి రాయకుండా "తర్వాత" అన్నారేమిటి? మీరు కొలత తేలని రోజున మాత్రమే అలా అనేవారు.

ప్రతిమ

*

జగిత్యాల
జనవరి 20

అమ్మా ప్రతిమా,

నా అలవాటు బాగా పట్టావు. కొలత తేలలేదు. నీ సంతోషం చెడగొట్టడం ఇష్టం లేక దాచాను. ఇప్పుడు చెబుతాను.

గంగమల్లుకు పక్షవాతం. కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దముద్దగా వస్తుంది. నర్సవ్వ అన్నం తినిపిస్తుంది, స్నానం చేయిస్తుంది, ఒక్క పూట విసుక్కోదు. కానీ ఫోటో చూపించగానే నా చేతికి తిరిగి ఇచ్చేసింది.

"అమ్ముకున్న చెంబు ఏడ దొరికితె ఏంది సారూ? కొన్నోడు పారేసి ఉంటడు."

ఆ చెంబు వాళ్ళ అమ్మ నాట్లేసి కూడబెట్టి పెళ్ళికి ఇచ్చిందట. గంగమల్లు ప్రయాణానికి నర్సవ్వే చేతికిచ్చింది. ఆ ఏడే తల్లి చనిపోయింది. తల్లి గుర్తుగా ఉన్నది అదొక్కటే. తోడు పోయినవాడొకడు తిరిగొచ్చి, గంగమల్లు దాన్ని బొంబాయిలోనే అమ్ముకుని తాగాడని చెప్పాడు.

"బొంబాయిలో అమ్మితే ఖతర్‌లో ఎట్లా దొరుకుతుందమ్మా?" అన్నాను.

"అయితె ఆడనే అమ్మిండు. అమ్మినందుకు కాదు సారూ నా బాధ. ఆకలైతె అమ్ముకుంటరు, తప్పేంది? అమ్మిన అని ఒక్కపారి చెప్తె ఎన్నడో మరిచిపోదును. ఇచ్చిన ఇచ్చిన అని ఊరందరికి కత అల్లి చెప్పిండు. నాకు అబద్ధం చెప్పిండు. గది నాకు దిగదు."

మంచం మీద గంగమల్లు వింటున్నాడు. నేను లేవబోతే ఎడమచేత్తో నా చొక్కా పట్టుకున్నాడు. దగ్గరికి వంగితే గాని అర్థం కాలేదు. "ఊరు… నవ్వనీ. అది… నమ్మితే… సాలు."

పక్షవాతం ఇంకోసారి వస్తే బతకడం కష్టమన్నాడు డాక్టరు. ఎక్కువ రోజులు ఆగలేం, అయినా చెంబు ఇప్పుడే పంపకు. చెంబు ఒక్కటీ వస్తే ఆమె అటక మీద పడేస్తుంది. ఆ పిల్ల ఉందేమో చూడు. ఆ ఇంట్లో ఆ రోజు నిలబడ్డ చిన్నపిల్ల. అడగడం పెద్దపని అని తెలుసు. నువ్వు కాక ఎవరిని అడగను?

గౌస్

*

అబూ హమూర్, దోహా
ఫిబ్రవరి 11

గౌస్ అంకుల్‌కి,

దొరికింది. ముందు ఆ మాట రాసేస్తున్నాను. ఇప్పుడు నింపాదిగా చదవండి.

ఆ ఊరి కుటుంబాలు చాలావరకు ఇప్పుడు అర్ రువైస్ దగ్గర ఉంటున్నాయట. ఫరీదుద్దీన్ గారు ఫలానా గడప ఎవరిదో వాకబు చేసి ఒక ఇంటికి ఫోన్ చేశారు. కొడుకులు ఎత్తి, మర్యాదగానే, కుదరదన్నారు. పాత ఇంటి గురించి ఎవరో విదేశీయులు అడుగుతుంటే ఎవరికైనా అనుమానమే కదా. మరో వారం ఆగి చేస్తే మళ్ళీ "మాఫీ", అంటే లేదు అనే. ఇవన్నీ మీకు అప్పుడే రాయలేదు. మీ దాపరికం చూసి నేర్చుకున్నాను.

చివరికి ఫరీదుద్దీన్ గారి భార్య ఖమర్ సుల్తానా గారు, "మగాళ్ళతో మగాళ్ళు మాట్లాడితే ఏం తేల్తది? ఇటివ్వండి ఫోను" అని తీసుకున్నారు. ఆవిడ ఇక్కడ అరబ్బీలోనే పాఠాలు చెబుతారు. ఇంటి ఆడవాళ్ళని అడిగి, పెద్దావిడ ఫోన్లోకి రాగానే ఇల్లూ వాకిలీ ఏమీ ఎత్తలేదు. "మీ పాత గడప పక్కన ఒక ఇత్తడి చెంబు దొరికింది" అన్నారంతే. "ఈ రోజే రండి" అన్నారావిడ.

సాయంత్రం ఇద్దరం వెళ్ళాం. ఆడవాళ్ళు కూర్చునే గదిలో, కోడళ్ళ మధ్య, ఆవిడ ఉన్నారు. పేరు హిస్సా. నాకన్నా పదేళ్ళు పెద్దేమో. గహవా పొయ్యకముందే చెయ్యి చాచారు. చెంబు ఇచ్చాను. రెండు చేతులా తీసుకుని, బొటనవేలితో ఆ చుక్కల మీద తడిమారు. చదవడం రాకపోయినా, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో ఆ వేలికి తెలుసు, అంకుల్.

ఆవిడ చెబుతుంటే ఖమర్ గారు నాకు చెబుతూ వచ్చారు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. వాళ్ళ భాషలో హిందీ అంటే ఇండియా మనిషి.

"హిందీవాళ్ళు వచ్చారు. పెదవులు పగిలి నెత్తురు కారుతోంది. నేను భయపడి అమ్మ వెనక దాక్కున్నాను. మొహాలు చూడకు, పెదవులు చూడు అంది అమ్మ. గుక్క గుక్కగా పోసింది. ఒకతను ఏడ్చాడు. వెళ్ళేటప్పుడు నా చేతిలో ఇది పెట్టాడు. మెరుస్తోందని నేను సంబరపడ్డాను. అమ్మ చూసి చెంపమీద కొట్టింది. నీళ్ళకి వచ్చినవాళ్ళ దగ్గర వస్తువు తీసుకుంటామా, పరుగెత్తి ఇచ్చిరా అంది. పరుగెత్తాను. తీరం వెంట చాలాదూరం. వాళ్ళు కనపడలేదు."

మరి ఇసుకలోకి ఎలా వెళ్ళిందని అడిగాను.

"అమ్మ దీన్ని ఎప్పుడూ వాడలేదు. ఇది అమానతు, ఒకరు మన దగ్గర ఉంచిపోయిన సొత్తు అనేది. ఊరు వదిలేటప్పుడు గడప పక్కన బోర్లించి పూడ్చింది. అతను వెతుక్కుంటూ వస్తే ఇంటికే వస్తాడు కదా, మనం లేకపోయినా దొరకాలి అంది. పోయేముందు కూడా గుర్తు చేసింది. హిందీ మనిషి సొత్తు మన మీద ఉండిపోయింది అని. తర్వాత గోడలు పడి ఇసుక కమ్మేశాక మేము వెతికాం. చోటు తేలలేదు."

ఆయన బతికే ఉన్నాడని ఖమర్ గారు చెప్పగానే ఆవిడ ముసుగు చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. మాటిమాటికీ "అల్ హందులిల్లా" అన్నారు. ఏడుపు ఆగాక నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని, తెలిసిన కాస్త హిందీలో, "తుమ్ అచ్ఛా కియా, బేటీ. మేరా అమ్మా ఆరామ్" అన్నారు, మంచిపని చేశావమ్మా, మా అమ్మకిక నిశ్చింత అని. కాగితం మీద చాలా చిన్న మాటలు. నాకు ఈ దేశం వచ్చాక ఎవరూ అంత పెద్ద మాట అనలేదు.

చెంబు మీ దగ్గరే ఉంచుకోండి, ఆయన మనస్ఫూర్తిగా ఇచ్చాడు అన్నాను. ఒప్పుకోలేదు. సొత్తు చేరితేనే తల్లికి భారం దిగుతుందట. ఆవిడ మాటలన్నీ వీడియో తీశాం, కొడుకే ఫోన్ పట్టుకున్నాడు. ఫోన్‌లో వద్దన్న కొడుకే. గుమ్మం దాకా వచ్చి, "సారీ సిస్టర్" అన్నాడు.

చెంబు, వీడియో మమతతో పంపుతున్నాను. అక్కడినుంచి తన తమ్ముడు మనీష్ కారులో మీ ఇంటికి తెచ్చి ఇస్తాడు. హిస్సా తల్లి పేరు మోజా. నర్సవ్వ గారు అడిగితే చెప్పండి.

అడగరేమో కూడా. అయినా చెప్పండి.

ప్రతిమ

*

జగిత్యాల
మార్చి 5

అమ్మా ప్రతిమా,

మనీష్ చెంబు తెచ్చి ఇవ్వగానే అదే కారులో వాళ్ళ ఊరు పోయాం. మీ ఆంటీ కూడా వచ్చింది, మెట్లెక్కనని మొండికేసే మనిషి.

నర్సవ్వ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. చెంబు చేతికివ్వలేదు. ముందు వీడియో పెట్టాను. మెహ్విష్ కారులోనే నీ ఉత్తరం చూసి కింద తెలుగు మాటలు వేసింది గాని నర్సవ్వకు చదువు రాదు, అందుకని పక్కన కూర్చుని చదివి చెప్పింది. పెదవులు చూడమన్న మాట దగ్గర నర్సవ్వ చాట పక్కన పెట్టింది. చెంపమీద కొట్టిన మాట దగ్గర, "అయ్యో, పోరిని కొట్టిందా" అంది. గడప పక్కన పూడ్చిన సంగతి వచ్చేసరికి ఫోనుకు ఇంకా దగ్గరగా జరిగింది. అయిపోయాక, "మల్లోపారి వెట్టు బిడ్డా" అంది. మళ్ళీ చూసింది.

అప్పుడు చెంబు ఇచ్చాను. చెంబులో మొహం పెట్టినంత దగ్గరగా పట్టుకుని, "అవ్వా" అని ఒక్క కేక వేసింది. తన తల్లిని తలుచుకుందో, ఆ తల్లిని తలుచుకుందో నాకు తెలియదు. మీ ఆంటీ ఆమెను పట్టుకుని కూర్చుంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని అడిగింది.

"గామె పేరేంది సారూ?"

"మోజా."

మరునాడే చింతపండుతో తోమి, జగిత్యాల అంగడికి తెచ్చి, తన పేరు కింద ఇంకో పేరు కొట్టించింది. నేను వెళ్ళి చూద్దును కదా, "మోజవ్వ" అని ఉంది. పేరు మోజా కదమ్మా అన్నాను.

"అవ్వ అనకుంట పేరు కొట్టిస్తరా సారూ, పెద్దమనిషికి?" అని నన్నే మందలించింది.

ఆ ఫోటో పంపుతున్నాను. హిస్సాకు చూపించు. నర్సవ్వ సలాం చెప్పిందని చెప్పు. నీకు చెప్పమన్న మాట వేరే ఉంది. "గా బిడ్డ చేతులు సల్లగుండ" అంది. నేను దానికి ఏమీ కలపలేను. దోహాలో ముప్పై ఏళ్ళు భూమిని కొలిచాను, నా చేతికింద పని నేర్చుకున్న పిల్ల ఈ పని చేసిందంటే, ఆ ఏళ్ళకు నేను షుక్రియా చెప్పుకుంటున్నాను.

ఇక గంగమల్లు సంగతి. వీడియో వాకిట్లోనే చూశాం, ఆయన మంచం లోపల. అన్నీ వినే ఉంటాడు. నర్సవ్వ లోపలికి పోయింది, మేము గడప దగ్గర నిలబడ్డాం. క్షమించమంటుందేమో అనుకున్నాను. అనలేదు. దిండు సర్ది, ఆయన్ని లేపి గోడకు ఆనించి, మంచం కింద పీట వేసుకుని కూర్చుంది.

"చెప్పు" అంది.

ఆయనకు అర్థం కాలేదు.

"లాంచి ఎక్కిన కాడ్నుంచి చెప్పు. నేనెన్నడు నిన్ను సాంతం చెప్పనియ్యలేదు."

గంగమల్లు మొదలుపెట్టాడు. ఒక్కో మాటకు ఎంతోసేపు పట్టింది. కొన్ని మాటలు గొంతులోనే ఆగిపోయాయి. ఆగినప్పుడు ఆమె అందించలేదు, తొందరపెట్టలేదు, ఆయన మొహంలోకే చూస్తూ కూర్చుంది. పొయ్యి మీద కూర మాడిన వాసన వచ్చింది. మీ ఆంటీ వెళ్ళి దించింది. నర్సవ్వ కదలలేదు.

నాకు సగం మాటలు తెలియలేదు. అయినా అక్కడినుంచి లేవబుద్ధి కాలేదు. ఆయన ఊరు చేరి, నీళ్ళు తాగి, చెంబు పిల్ల చేతిలో పెట్టేసరికి వాకిట్లో ఎండ పూర్తిగా తగ్గింది.

గౌస్ మొహియుద్దీన్